చెంచా పొడి, కంచెడు అన్నం: షుగర్ అదుపుపై ఒక పాఠం



మేము వైద్యులం కాము. ముప్ఫై ఏళ్ళకు దగ్గరగా పిల్లలకు పాఠాలు చెప్పుకుంటూ వస్తున్నవాళ్ళం. కనుక ఈ వ్యాసాన్ని వైద్య సలహాగా తీసుకోకుండా ఒక పాఠంగా చదవమని మనవి. బడిలో మాదిరిగానే పాఠం చివర కొన్ని ప్రశ్నలు కూడా ఉంటాయి. వాటిలో ఆఖరి ప్రశ్న మన దాతలకే.

శిబిరంలో మేము నేర్చుకున్నది

గత ఏడాది వన్‌టౌన్‌లో పెట్టిన ఉచిత రక్త పరీక్ష శిబిరంలో పేర్లు రాసుకునే పని ఉపాధ్యాయులమైన మాకు అప్పగించారు. ఫారంలో "షుగర్‌కు ఏం వాడుతున్నారు?" అని ఒక గడి ఉంది. అక్కడ మాత్రల పేర్లు రాయవలసి వస్తుందనుకున్నాం. ఒక ఖాలా మెంతిపొడి అన్నారు. ఒక పెద్దాయన నేరేడు గింజల పొడి అన్నారు. మరొకరు కలోంజీ నూనె, ఇంకొకరు కాకరకాయ రసం, వేరొకరు "టీవీలో చెప్పే క్యాప్సూల్స్" అన్నారు. మాత్ర కూడా వేసుకుంటున్నారా అని అడిగితే, కొందరు తల ఊపారు. కొందరు "అది మానేశాను టీచర్ గారూ, ఇది పడుతోంది కదా" అన్నారు.

అలా మానేసినవారిలో ఒకరు మా బడిలో ఎనిమిదో తరగతి చదివే అమ్మాయి తండ్రి. ఆటో నడుపుతారు. ఆయన వేలిమీద చుక్క రక్తం తీసి మీటరులో పెడితే అంకె రాలేదు, 'హై' అనే మాట వచ్చింది. చాలా మీటర్లు 600 దాటితే అంకె చూపించవు. శిబిరానికి వచ్చిన డాక్టరుగారు ఆయన్ను అప్పటికప్పుడే ఆసుపత్రికి పంపించారు. అరికాలిలో ఎప్పుడో గుచ్చుకున్న మేకు పుండైంది, స్పర్శ లేక ఆయనకు తెలియలేదు. చివరికి ఒక కాలివేలు తీసేయవలసి వచ్చింది. మూడు వారాలు అమ్మాయి బడికి రాలేదు.

పరామర్శకు వాళ్ళింటికి వెళ్ళినప్పుడు రెండు సంగతులు తెలిశాయి. తెలిసినవాళ్ళెవరో అంటగట్టిన మూలికల పొడి డబ్బాకు నెలకు పద్దెనిమిది వందల రూపాయలు పెట్టేవారట. అంతకుముందు వాడిన మాత్రలు ఆయనకు ఆరోగ్య కేంద్రంలో ఉచితంగానే దొరికేవి. పొడి కొనడానికి వాడిన డబ్బులో మనం ఇచ్చిన సాయం కూడా కొంత ఉంది. రెండో సంగతి, వంటింటి అటక మీద మేమే మా చేతులతో సర్ది ఇచ్చిన రంజాన్ కిట్ సంచి కనపడింది. అందులో బియ్యం, నూనె, సేమ్యా, ఐదు కిలోల పంచదార పెట్టామని మాకు గుర్తుంది.

ఆ రోజు తిరిగి వస్తూ మేము అనుకున్న మాట ఇది: రోగం గురించి ఆయనకు తెలియలేదని అనడం తేలిక. మనకు మాత్రం ఎంత తెలుసు? ఈ పాఠం అక్కడ మొదలైంది.

చక్కెర ఎందుకు ఎగబాకుతుంది?

డెల్టా వాళ్ళకు ఈ విషయం కాలువతో పోల్చి చెబితే బాగా అర్థమవుతుంది. మనం తిన్న అన్నం, రొట్టె, పండు, పంచదార అన్నీ కడుపులో గ్లూకోజుగా మారి రక్తంలో కలుస్తాయి. రక్తం కాలువ అనుకుందాం, గ్లూకోజు అందులోని నీరు. కండరాలు, కాలేయం పొలాలు. కాలువ నీరు పొలంలోకి వెళ్ళాలంటే తూము తెరవాలి. ఆ తూము తెరిచేది క్లోమం నుంచి వచ్చే ఇన్సులిన్.

టైప్ 2 షుగర్‌లో తూములు తుప్పు పట్టినట్టు బిగుసుకుంటాయి. ఇన్సులిన్ ఉన్నా తలుపు సరిగా తెరుచుకోదు. కొన్నేళ్ళకు ఇన్సులిన్ కూడా తగ్గుతుంది. అటువంటి కాలువలోకి బ్యారేజీ గేట్లన్నీ ఒక్కసారి ఎత్తినట్టు నీళ్ళు వదిలితే గట్లు పొర్లుతాయి. భోజనం తర్వాత గంట, రెండు గంటల్లో కనిపించే ఉప్పెన ఇదే. అది రోజుకు మూడుసార్లు, ఏళ్ళ తరబడి వస్తే కళ్ళు, మూత్రపిండాలు, నరాలు, గుండె దెబ్బతింటాయి.

దీనికి మార్గాలు రెండు. పైనుంచి వదిలే నీళ్ళు తగ్గించడం, నెమ్మదిగా వదలడం మొదటిది. అది ఆహారం పని. తూములు తెరిపించడం రెండోది. అది నడక, మందుల పని. ఏ పొడిని గురించి విన్నా, ఇది ఈ రెండింటిలో ఏ పని చేస్తుంది, ఎంత చేస్తుంది అని అడగడం అలవాటు చేసుకుంటే సగం మోసాలు తప్పుతాయి.

గుర్తుంచుకోవలసిన అంకెలు కొన్ని ఉన్నాయి. పరగడుపున 100 లోపు ఉంటే మామూలు, 100 నుంచి 125 వరకు షుగర్‌కు ముందు దశ, 126, ఆపైన ఉంటే షుగర్. మూడు నెలల సగటు చూపే హెచ్‌బిఎ1సి 5.7 లోపు మామూలు, 6.5 నుంచి షుగర్. షుగర్ ఉన్నవారికి తిన్న రెండు గంటల తర్వాత 180 దాటకుండా చూడమని వైద్యులు సాధారణంగా చెబుతారు. 70 కంటే తగ్గితే అది కూడా ప్రమాదమే. అప్పుడు వెంటనే మూడు చెంచాల పంచదార నీళ్ళలో కలిపి తాగి, పదిహేను నిమిషాలకు మళ్ళీ పరీక్షించుకోవాలి.

భారత వైద్య పరిశోధన మండలి చేయించిన ఇండియాబ్ సర్వే ఫలితాలు 2023లో వచ్చాయి. మన దేశంలో సుమారు 10 కోట్ల 10 లక్షల మందికి షుగర్ ఉందని, మరో 13 కోట్ల 60 లక్షల మంది ముందు దశలో ఉన్నారని అది అంచనా కట్టింది. కాబట్టి ఈ పుస్తకం ఏ ఇంటికి చేరినా, ఆ ఇంట్లోనో పక్కింట్లోనో ఈ పాఠం పనికివచ్చేవారు ఉంటారు.

మన కంచం ఇలా ఎందుకుంది?

1855లో బెజవాడ దగ్గర కృష్ణకు ఆనకట్ట పూర్తయిన తర్వాత డెల్టా వరి నేలగా స్థిరపడింది. 1957లో ప్రకాశం బ్యారేజీ వచ్చింది. 1983లో రెండు రూపాయలకు కిలో బియ్యం పథకంతో తెల్లబియ్యం పేద ఇళ్ళకు కూడా రోజువారీ తిండి అయింది. 1986లో బాపట్ల పరిశోధన కేంద్రం నుంచి బీపీటీ 5204, అంటే సాంబ మసూరి విడుదలైంది. సన్నగా, తెల్లగా, మెత్తగా ఉండే ఆ అన్నానికి మన నాలుకలు అలవాటు పడ్డాయి. ఆకలి తీర్చిన ఈ చరిత్రను తక్కువ చేయకూడదు. పొలంలో రోజంతా వంగి పనిచేసిన మనిషికి అంత అన్నం ఖర్చయిపోయేది. అదే అన్నం తిని దుకాణంలో, ఆటోలో, స్టాఫ్‌రూములో కూర్చునే మనకు ఖర్చు కావడం లేదు.

చిన్న లెక్క చేద్దాం. వంద గ్రాముల బియ్యంలో దాదాపు 78 గ్రాములు పిండిపదార్థమే. పూటకు నూట యాభై గ్రాముల బియ్యం వండుకు తింటే 117 గ్రాములు. ఒక టీ చెంచా పంచదార సుమారు ఐదు గ్రాములనుకుంటే, అది ఇరవై చెంచాలకు పైగా పంచదారతో సమానమైన పిండిపదార్థం. టీలో అర చెంచా పంచదార మానేసి, కంచంలో ఇరవై చెంచాలు మరచిపోతున్నాం.

మరి "షుగర్ బియ్యం" సంగతేమిటి? హైదరాబాద్‌లోని సీసీఎంబీ, భారత వరి పరిశోధన సంస్థ శాస్త్రవేత్తలు కలిసి తెగులు తట్టుకునేలా మెరుగుపరిచిన సాంబ మసూరిని రూపొందించారు. 2008లో విడుదలైన ఆ రకం గ్లైసీమిక్ సూచిక 50.99 అని పరీక్షల్లో తేలింది. 55, అంతకు తక్కువ ఉంటే తక్కువ సూచిక కింద లెక్క. కనుక ఇది ఊరి పేరు లేని సంచుల మీద రాసే ప్రచారం లాంటిది కాదు, పని చేసిన శాస్త్రం. అయితే సూచిక తక్కువని రెండింతలు తింటే లాభం పోతుంది. సూచిక వేగాన్ని చెబుతుంది, పరిమాణాన్ని మనమే చూసుకోవాలి.

పొడులు, క్యాప్సూళ్ళు: ఒక్కొక్కటిగా

మొదట మెంతులు. దీనికి మన దగ్గరే మంచి పరిశోధన జరిగింది. హైదరాబాద్‌లోని జాతీయ పోషకాహార సంస్థ శాస్త్రవేత్తలు 1990లో ప్రచురించిన అధ్యయనంలో, ఇన్సులిన్ తీసుకునే రోగులకు రొట్టెలో కలిపి ఇచ్చిన కొవ్వు తీసిన మెంతిపిండి రోజుకు 100 గ్రాములు. 1996లో వచ్చిన మరో అధ్యయనంలో 60 మంది టైప్ 2 రోగులకు 24 వారాల పాటు రోజుకు 25 గ్రాముల మెంతిపొడి ఇచ్చారు. చక్కెర తగ్గింది. మెంతుల్లోని జిగురు పీచు గ్లూకోజు రక్తంలో కలిసే వేగాన్ని తగ్గిస్తుంది. అంటే కాలువలోకి నీళ్ళు నెమ్మదిగా వదిలే పని. కానీ 25 గ్రాములంటే ఇంచుమించు ఆరు టీ చెంచాలు. పొద్దున్నే పది మెంతి గింజలు మింగి "వాడుతున్నాను" అనుకోవడం పరీక్షకు ఒక పేజీ చదివి పుస్తకం చదివానన్నట్టు ఉంటుంది. అంత మోతాదు అందరి కడుపుకూ పడదు. మాత్రలతో కలిస్తే కొందరికి చక్కెర మరీ పడిపోవచ్చు. కాబట్టి కూరలో, పులుసులో, మెంతికూర పప్పులో హాయిగా వాడుకుందాం. మందుగా వాడదలిస్తే డాక్టరుకు చెప్పే వాడుదాం.

కాకరకాయ, దాల్చినచెక్క: వైద్య పరిశోధనలన్నిటినీ కూర్చి తూకం వేసే కాక్రేన్ సమీక్షలు ఈ రెండింటిపైనా 2012లో వచ్చాయి. షుగర్‌కు మందుగా సిఫారసు చేయడానికి ఆధారాలు చాలవని రెండూ తేల్చాయి. కాకరకాయ మంచి కూర. పిండిపదార్థం తక్కువ, పీచు ఎక్కువ. వేపుడు నూనెలో ముంచకుండా తింటే లాభమే. దాల్చినచెక్కలో కాసియా రకం ఒకటుంది. అందులో కూమరిన్ అనే పదార్థం ఎక్కువ, రోజూ చెంచాలకొద్దీ తింటే కాలేయానికి చేటు చేయవచ్చు. బిర్యానీలో వేసుకునే ముక్కతో భయం లేదు.

నేరేడు గింజలు, పొడపత్రి: మన పెద్దలు వాడినవే. చిన్న చిన్న అధ్యయనాలు ఉన్నాయి. మాత్ర మానేసి వీటి మీద ఆధారపడేంత బలం వాటికి లేదు.

కలోంజీ: దీనిపై మనవారికున్న ప్రేమకు కారణం అందరికీ తెలిసిందే. హదీసులో దాని ప్రస్తావన ఉంది. 2010లో సౌదీ అరేబియా పరిశోధకులు 94 మంది టైప్ 2 రోగులకు రోజుకు ఒకటి, రెండు, మూడు గ్రాముల చొప్పున ఇచ్చి చూశారు. రెండు గ్రాములతో కొంత మేలు కనిపించింది. ఇందులో మనం గమనించవలసిన మాట ఒకటుంది. ఆ రోగులు తమ మాత్రలు వేసుకుంటూనే కలోంజీ తీసుకున్నారు. మందుకు తోడుగా వాడారు, మందు బదులు వాడలేదు. స్వస్థతకు కారణాలు వెతకడం మన విశ్వాసంలో భాగమే. డాక్టరు రాసిన మాత్ర కూడా ఆ కారణాల్లో ఒకటి.

విటమిన్లు: ఇక్కడ ఒక నిజమైన అవసరం ఉంది. మెట్‌ఫార్మిన్ మాత్ర ఏళ్ళ తరబడి వాడేవారిలో బి12 విటమిన్ తగ్గవచ్చు. అరికాళ్ళ తిమ్మిర్లు షుగర్ వల్లనా, బి12 లోపం వల్లనా అని తెలుసుకోవడానికి రక్త పరీక్ష చేయించాలి. లోపం ఉంటే బి12 తప్పక వాడాలి. విటమిన్ డి గురించి 2019లో అమెరికాలో 2,423 మందిపై పెద్ద పరిశోధన వచ్చింది. షుగర్ ముందు దశలో ఉన్నవారికి రోజూ 4,000 యూనిట్లు ఇచ్చినా షుగర్ రావడం చెప్పుకోదగినంతగా తగ్గలేదు. లోపం ఉన్నవారు లోపానికి వాడాలి, షుగర్ తగ్గుతుందని వాడనక్కరలేదు.

డబ్బా మీద చూడవలసినవి: మన దేశంలో ఇటువంటి ఆహార పూరకాలు 2016 నాటి ఆహార భద్రతా నిబంధనల కిందకు వస్తాయి. "ఔషధ వినియోగం కోసం కాదు" అనే అర్థం వచ్చే హెచ్చరిక డబ్బా మీద ఉండాలి. అమ్మేవాడు నోటితో చెప్పేదొకటి, డబ్బా చెప్పేదొకటి. షుగర్‌ను నయం చేస్తామని మందుల ప్రకటనలు ఇవ్వడాన్ని 1954 నాటి చట్టమే నిషేధించింది. ఆ చట్టం షెడ్యూలులో షుగర్ పేరు ఉంది. ఇక మరీ త్వరగా చక్కెర దించే "మూలికా" మందుల విషయంలో ఎక్కువ జాగ్రత్త అవసరం. కొన్ని దేశాల్లో అటువంటివాటిని పరీక్షిస్తే, పేరు చెప్పకుండా కలిపిన గ్లిబెన్‌క్లమైడ్ అనే ఇంగ్లీషు మందు బయటపడింది. రోగికి తాను మాత్ర వేసుకుంటున్నానని తెలియదు, మోతాదు తెలియదు, చక్కెర పడిపోయి స్పృహ తప్పితే కారణమూ తెలియదు.

మన ఊరి డైట్ నేర్పిన పాఠం

2017, 2018 సంవత్సరాల్లో మన విజయవాడ కేంద్రంగా వీరమాచనేని రామకృష్ణ గారి ఆహార విధానం తెలుగు ఊళ్ళన్నిటా మారుమోగింది. అన్నం, టిఫిన్లు, పప్పులు, పండ్లు మానేయాలి. రోజుకు 70 నుంచి 100 గ్రాముల కొవ్వు, మూడు నిమ్మకాయలు, నాలుగు లీటర్ల నీళ్ళు, రెండు మల్టీవిటమిన్ మాత్రలు తీసుకోవాలి. ఆయన వైద్యులు కారు. వైద్యుల నుంచి అభ్యంతరాలు వచ్చాయి. అనుసరించినవారిలో చక్కెర తగ్గిందని చెప్పినవారూ మాకు తెలుసు.

రెండు మాటలూ కలిపి ఆలోచిస్తే పాఠం దొరుకుతుంది. అన్నం పూర్తిగా మానేస్తే భోజనానంతర ఉప్పెన తగ్గడంలో వింత లేదు. కాలువలోకి నీళ్ళే వదల్లేదు మరి. ఆ ఫలితం విటమిన్ మాత్ర వల్లనో, నిమ్మకాయ వల్లనో వచ్చిందనుకోకూడదు. కంచంలోంచి ఏది తీసేశామో దానివల్ల వచ్చింది. అదే సమయంలో ప్రమాదమూ అక్కడే ఉంది. ఇన్సులిన్, గ్లిమెపిరైడ్ వంటి మందులు అదే మోతాదులో వేసుకుంటూ అన్నం ఒక్కసారి ఆపేస్తే చక్కెర 70 కిందకు జారిపోతుంది. డాపాగ్లిఫ్లోజిన్ వంటి కొత్త రకం మాత్రలు వాడేవారు పిండిపదార్థం పూర్తిగా మానేస్తే రక్తంలో ఆమ్లం పెరిగే ప్రమాదం ఉంటుంది. మూత్రపిండాల జబ్బు ఉన్నవారు, గర్భిణులు సొంతంగా ఇటువంటి ప్రయోగాలు చేయనే కూడదు. ఆహారం బలమైన మందు. కనుకనే దాన్ని మార్చేటప్పుడు మందు మోతాదు కూడా డాక్టరుతో మార్పించుకోవాలి.

ఇంట్లో చేయగలిగినవి

అంత దూరం వెళ్ళకుండానే చేయగలిగిన పనులు ఉన్నాయి.

ఒకటి, తినే వరుస మార్చడం. 2015లో న్యూయార్క్‌లోని వైల్ కార్నెల్ వైద్య కళాశాలలో 11 మంది షుగర్ రోగులకు ఒకే భోజనాన్ని రెండు రోజులు రెండు వరుసల్లో పెట్టారు. కూరగాయలు, మాంసం ముందు తిని, రొట్టె చివర తిన్న రోజున గంట తర్వాతి చక్కెర సుమారు 37 శాతం తక్కువగా ఉంది. పైసా ఖర్చు లేని పద్ధతి ఇది. మన కంచంలో అయితే ముందు కూర, పప్పు, గుడ్డు లేక మాంసం ముక్కలు సగం తినాలి. ఆ తర్వాత అన్నం కలుపుకోవాలి.

రెండు, అన్నం గరిటెతో కొలవడం. ఇప్పుడు నాలుగు గరిటెలు తింటుంటే రెండు గరిటెలకు దించి, ఆ ఖాళీని కూరతో, పప్పుతో నింపాలి. కంచంలో సగం కూరలు, పావు పప్పు లేదా మాంసకృత్తులు, పావు అన్నం. దాల్చాలో సొరకాయ, పప్పు పెంచి బగారా అన్నం తగ్గిస్తే పండుగ రుచీ పోదు.

మూడు, టిఫిన్ ఎంపిక. పొట్టుతో ఉన్న పెసలలో వందకు 24 గ్రాముల వరకు మాంసకృత్తులు ఉంటాయి. బియ్యంలో ఏడు గ్రాములే. కనుక మన పెసరట్టు మంచి టిఫిన్, ఉప్మా కూరకుండా తింటే. రాగి, కొర్ర మంచివే. అయితే పిండిని పలచగా జావ కాస్తే తొందరగా జీర్ణమై చక్కెర వేగంగా ఎక్కుతుంది. అదే రాగిపిండిని రొట్టె చేసి ఆకుకూర పప్పుతో తింటే నెమ్మదిస్తుంది.

నాలుగు, భోజనం కాగానే పదిహేను నిమిషాల నడక. కండరాలు కదిలితే ఇన్సులిన్ సాయం ఎక్కువ లేకుండానే గ్లూకోజు పీల్చుకుంటాయి. తుప్పు పట్టిన తూముకు ఇది నూనె వేయడం. ఇషా నమాజుకు నడిచి వెళ్ళి నడిచి రావడం రాత్రి భోజనం తర్వాత పెట్టుకుంటే రెండు పనులూ అవుతాయి.

ఐదు, సొంత ప్రయోగం. ఇది మా విద్యార్థుల చేత వాళ్ళ ఇళ్ళలో చేయించాం. ఒక రోజు మామూలుగా తిని, మొదటి ముద్ద తర్వాత రెండు గంటలకు చక్కెర చూడాలి. మరో రోజు అదే భోజనం వరుస మార్చి, అన్నం సగం చేసి, నడిచి, మళ్ళీ రెండు గంటలకు చూడాలి. మందులు రెండు రోజులూ ఒకేలా వేసుకోవాలి. రెండు అంకెలూ నోటుబుక్కులో పక్కపక్కన రాయాలి. ఎవరో చెప్పిన వంద మాటల కంటే సొంత వేలి చుక్క చెప్పిన ఆ రెండు అంకెలు ఇంటిల్లిపాదినీ ఒప్పిస్తాయి. పొడి వాడాలనుకున్నవారు కూడా ఇలాగే కొలిచి చూసుకోవచ్చు. అంకె కదలకపోతే డబ్బు మిగులుతుంది.

రంజాన్ నెలలో

13 దేశాల్లో 12,243 మంది ముస్లిం షుగర్ రోగులపై జరిగిన ఎపిడయార్ అధ్యయనం ప్రకారం, టైప్ 2 రోగుల్లో 79 శాతం మంది రంజాన్‌లో కనీసం పదిహేను రోజులు ఉపవాసం ఉన్నారు. ఆ నెలలో తీవ్రంగా చక్కెర పడిపోవడం వారిలో 7.5 రెట్లు పెరిగింది. చక్కెర విపరీతంగా పెరగడం కూడా ఎక్కువైంది. పగలు పడిపోవడం, ఇఫ్తార్ తర్వాత ఉప్పెన, రెండు ప్రమాదాలూ ఒకే నెలలో ఎదురవుతాయి.

అందుకే రంజాన్‌కు ఆరు నుంచి ఎనిమిది వారాల ముందే డాక్టరును కలవాలి. ఏ మందు సహరీకి, ఏది ఇఫ్తార్‌కు, మోతాదు ఎంత అని రాయించుకోవాలి. రక్త పరీక్ష చేసుకుంటే రోజా భంగం కాదని పండితులు చెప్పారు. కనుక సాయంత్రం కళ్ళు తిరిగితే పరీక్షించుకోవడానికి వెనకాడవద్దు. అంకె 70 కంటే తగ్గినా, 300 దాటినా రోజా విరమించాలని అంతర్జాతీయ మార్గదర్శకాలు చెబుతున్నాయి. రోగికి ఇచ్చిన మినహాయింపు ఖుర్ఆన్‌లో అల్ బఖరా సూరా 184, 185 ఆయత్‌లలోనే ఉంది. అల్లాహ్ ఇచ్చిన సౌలభ్యాన్ని వాడుకోవడం బలహీనత కాదని ఇంట్లోని పెద్దవారికి మనమే ఓపికగా చెప్పాలి.

ఇఫ్తార్ లెక్క కూడా ఒకసారి చూద్దాం. మూడు చిన్న ఖర్జూరాలు, ఒక గ్లాసు షర్బత్, ఒక అరటిపండు, రెండు చిన్న సమోసాలు కలిపితే స్థూలంగా వంద గ్రాముల పిండిపదార్థం. ఇది బిర్యానీ రాకముందు. షుగర్ ఉన్నవారు ఒక ఖర్జూరంతో విరమించి, నీళ్ళు లేదా ఉప్పు వేసిన పలచటి మజ్జిగ తాగి, ఉడికించిన శనగలు తిని, మగ్రిబ్ తర్వాత భోజనం చేస్తే మంచిది. సహరీలో పప్పు, గుడ్డు, రొట్టె ఉంటే పగలు నెమ్మదిగా గడుస్తుంది. సహరీ ఎగ్గొట్టడం మాత్రం షుగర్ ఉన్నవారికి ఏ విధంగానూ తగదు.

దాతలకు మనవి

ఇక మొదట చెప్పిన సోదరుడి దగ్గరకు వద్దాం. అల్హమ్దులిల్లాహ్, ఆయన మళ్ళీ ఆటో నడుపుతున్నారు. ఆరోగ్య కేంద్రం మాత్రలు వేసుకుంటున్నారు. అన్నం రెండు గరిటెలకు దించారు. ఆ అమ్మాయి ఇప్పుడు తండ్రి అంకెలు తన లెక్కల నోటుబుక్కు వెనక పేజీలో రాస్తోంది. ఆ కాలివేలు మాత్రం తిరిగి రాదు.

పద్దెనిమిది వందల రూపాయల పొడి డబ్బా ఖరీదుకు, స్ట్రిప్ ఒకటి ఇరవై రూపాయల చొప్పున, తొంభై సార్లు చక్కెర పరీక్షించవచ్చు. ఈ ఏడాది మా మనవి మూడు విషయాలు. మొదటిది, రంజాన్ కిట్‌లో ఐదు కిలోల పంచదారను రెండు కిలోలకు తగ్గించి, మిగిలిన సొమ్ముతో ఇంచుమించు కిలో పెసలు పెడదాం. షీర్ ఖుర్మాకు రెండు కిలోలు చాలు. పండుగ తీపిని ఎవరికీ దూరం చేయవద్దు, నెలంతా చేయకుండా చూద్దాం. రెండవది, మనం ఇచ్చే ఇఫ్తార్ విందుల్లో షర్బత్ పక్కన మజ్జిగ, బిర్యానీ పక్కన శనగలు, కూరగాయలు కూడా పెడదాం. మూడవది, వైద్య సాయంగా ఇచ్చే సొమ్ములో కొంత గ్లూకోమీటర్లకు, స్ట్రిప్పులకు, ఏటా ఒకసారి కళ్ళ, కాళ్ళ పరీక్షలకు కేటాయిద్దాం. మాత్రలు ప్రభుత్వ ఆరోగ్య కేంద్రాల్లో దొరుకుతున్నాయి. పేదవాడికి లేనిది చాలాసార్లు కొలిచి చూసుకునే వీలు, చెప్పే మనిషి.

పాఠం సారం ఒక్క మాటలో చెప్పాలంటే: కంచెడు అన్నం తెచ్చే ఉప్పెనను చెంచా పొడి ఆపలేదు. కంచం మార్చితే తగ్గుతుంది. మాత్రను మాత్రం డాక్టరు చెప్పనిదే మానకూడదు.

అభ్యాసం

1. మీ ఇంట్లో ఒక్కొక్కరు పూటకు ఎన్ని గరిటెల అన్నం తింటున్నారు? ఈ వారం కొలిచి రాయండి.

2. మీకు తెలిసినవారెవరైనా పొడి కోసం మాత్ర మానేశారా? వారితో ఈ నెలలోనే మాట్లాడండి.

3. నలభై దాటిన మీ ఇంటివారిలో గత ఏడాదిగా షుగర్ పరీక్ష చేయించుకోనివారు ఎవరు?

4. వచ్చే రంజాన్‌కు మీరిచ్చే సంచిలో ఏముంటుంది?

చదివిన దానిలో మేలు ఉంటే ఆచరించే శక్తిని, పొరపాటు ఉంటే క్షమాపణను అల్లాహ్ మనందరికీ ప్రసాదించుగాక. ఆమీన్.